ఫ్యాక్టరీ అంగుళం

పోయిన నెల మా చర్చి నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. పేరు షారోన్. క్వయర్‌లో పాడుతుందట, ఇంజినీరింగ్ రెండో సంవత్సరమట. "ఆంటీ, చర్చి వెనక వెస్ట్రీ రూంల బీరువా వెనక పెద్ద ఫిడేలు ఒకటుంది కదా, దానికి కొత్త తీగలు తెప్పించినం. బ్రిడ్జి లేదు. అది మీ ఇంట్ల ఉంటదని పెద్దవాళ్ళు చెప్పిన్రు. నిజమేనా?" అని అడిగింది. ఉందని చెప్పాను. ఆదివారం ఆరాధన అయ్యాక తెస్తానని కూడా చెప్పాను. ఆ చెక్క ముక్క గురించి నలభై ఏళ్ళుగా నన్నెవరూ అడగలేదు. ఎవరూ అడగకుండానే నా రోజులు వెళ్ళిపోతే బాగుండునని నేనూ అనుకున్నాను.

మా నాన్నని మేం బాపు అనేవాళ్ళం. ఆయన పనిముట్ల పెట్టె నా మంచం కిందే ఉంది. గౌలిపురలో మా పాత ఇల్లు పడగొట్టి మూడంతస్తులు కట్టినప్పుడు, వీధిలో పాడి గేదెలు పోయి ఆ కొట్టాల్లో కార్లు నిలిచినప్పుడు, ఇంట్లో సగం సామాన్లు పాత సామాన్ల వాడికి వెళ్ళిపోయాయి గానీ ఆ పెట్టె జోలికి ఎవరినీ పోనివ్వలేదు. మూత తీయగానే ఆ వాసన వచ్చింది. టేకు పొట్టు, అవిసె నూనె, ఉలి పిడులకు పట్టిన చెమట, అన్నీ కలిసిన బాపు చేతి వాసన. అడుగున, ఆయన పాత లుంగీ ముక్కలో చుట్టి, రెండు వస్తువులు ఉన్నాయి. ఒకటి అరచేతి కంటే కాస్త పెద్దదైన బ్రిడ్జి, అంటే ఫిడేలు పొట్ట మీద నిలబడి తీగల్ని ఎత్తి పట్టుకునే చెక్క. రెండోది అడుగు పొడవున్న ఉక్కు స్కేలు. ఆ రెండిటినీ పక్కపక్కన పెట్టి అలా దాచింది బాపే. ఎందుకు దాచాడో తెలిసినదాన్ని ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను.

ఆ పెద్ద ఫిడేలు మా పెద్దబాపుది, అంటే మా బాపుకి సొంత అన్న శామ్యూల్‌ది. దాని అసలు పేరు డబుల్ బేస్. మనిషి కంటే ఎత్తు, నిలబడి వాయించాలి. ఊళ్ళో ఒక పెద్ద హోటల్లో సాయంత్రాలు వాయించే బ్యాండ్‌లో ఆయన పాతికేళ్ళు పనిచేశాడు. బ్యాండ్ మాస్టరు ఊరు విడిచి వెళ్తూ ఆ వాద్యాన్ని ఈయనకి వదిలేసి వెళ్ళాడు. బహదూర్‌పురాలో వాళ్ళది రెండు గదుల ఇల్లు. ఒక గదిలో పెద్దమ్మ, పిల్లలు, వంట, మంచాలు. రెండో గదిలో సగం ఆ ఫిడేలుది. పెద్దమ్మ దాన్ని "నా సవతి" అనేది. జూ పార్కు దగ్గరే కాబట్టి పొద్దు వాలే వేళ సింహం అరుపు ఆ ఇంట్లోకి వినబడేది. అప్పుడు పెద్దబాపు కమాను తీసి అడుగు తీగ మీద ఒక్క లాగు లాగి, "ఇగ జూడు, జవాబు చెప్పిన," అనేవాడు. పిల్లలం పడీపడీ నవ్వేవాళ్ళం. ఆయన ఒంటికి ఎప్పుడూ రోజిన్ వాసన, కమానుకి రాసే ఆ బంక వాసన, వచ్చేది. ఇప్పటికీ ఎక్కడైనా సాంబ్రాణి కాస్త మాడితే నాకు ఆయనే గుర్తొస్తాడు.

మా బాపు దేవదానం అన్నలాంటి మనిషి కాదు. మాట తక్కువ, పని ఎక్కువ. ప్రభుత్వ ఫ్యాక్టరీలో ప్యాటర్న్ షాపు మేస్త్రీ. ఉక్కుతో పోసే ప్రతి భాగానికీ ముందు చెక్కతో నమూనా చెయ్యాలి. ఆ నమూనాని ఇసుకలో అచ్చు వేసి, ఆ అచ్చులో కరిగిన లోహం పోస్తారు. అలాంటి నమూనాలు చేసే చెయ్యి ఆయనది. పొద్దున్నే ఆరింటికల్లా స్నానం, బైబిలు వాక్యం చదవడం, అమ్మ కట్టిచ్చిన క్యారియర్ సంచి భుజాన వేసుకుని సైకిలెక్కడం, సాయంత్రం వచ్చి చొక్కా విప్పి గుమ్మం బయట దులపడం. ఆ దులిపిన పొట్టుని బట్టి ఆ రోజు టేకు పనో, మద్ది పనో అమ్మ చెప్పేసేది. ఇంట్లో ఆయన చేసిన పీటలు, అలమరలు, నా పుస్తకాల పెట్టె, ఒక్కటీ కదిలేది కాదు. నేను మెట్రిక్ పాసై ఇంట్లో ఉన్న ఏడాది నాకు ఉలి పట్టడం, ఆకురాయి తొయ్యడం నేర్పాడు. ఆడపిల్లకి ఇదేం విద్య అని అమ్మ సణిగితే, "చేతులు ఎవరివైనా చేతులే," అని ఊరుకున్నాడు.

ఫ్యాక్టరీ స్కేలు గురించి కూడా ఆ ఏడాదే చెప్పాడు. కరిగిన ఉక్కు చల్లారితే కుంచించుకుపోతుంది. అందుకని నమూనాని ఆ మేరకు పెద్దదిగా చెయ్యాలి. ప్రతిసారీ లెక్కలు వేసుకుంటూ కూర్చోకుండా వాళ్ళ స్కేలు మీద అంగుళాన్నే కాస్త పెద్దదిగా గీస్తారు. అడుగుకి పావు అంగుళం ఎక్కువ. చూస్తే మామూలు స్కేలులాగే ఉంటుంది, అంకెలూ అవే. "మా అంగుళం వేరే, మీ అంగుళం వేరే," అని బాపు మీసం చాటున నవ్వేవాడు. అందుకే ఇంటి పనులకి ఆ స్కేలు ముట్టేవాడు కాదు. అమ్మ కుట్టుమిషను సొరుగులోని టేపు అడిగి తీసుకునేవాడు.

ఇద్దరన్నదమ్ములకీ అప్పటికి ఆరేళ్ళుగా మాటల్లేవు. మా నానమ్మ పోయినప్పుడు పెద్దబాపు బ్యాండ్‌తో పాటు బెంగుళూరులో ఉన్నాడు. టెలిగ్రాం ఇచ్చారు. ఎండాకాలం, పైగా ఆ రోజుల్లో ఐసు పెట్టెలు మాలాంటి వాళ్ళకెక్కడివి. బాపు సాయంత్రం దాకా ఆపాడు. ఇక ఆగడం కుదరదని పాస్టరుగారు చెబితే మట్టి చేశారు. పెద్దబాపు మర్నాడు మధ్యాహ్నానికి వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. బాపు గేటు తీయకుండానే, "పో, పోయి ఫిడేలు గొట్టుకో," అన్నాడు. ఆ ఒక్క మాటే. పెద్దబాపు అక్కణ్నుంచి నేరుగా సమాధుల తోటకి నడిచి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఒకే చర్చిలో ఆయన కుడివైపు, ఈయన ఎడమవైపు. పిల్లలం, ఆడవాళ్ళం మాత్రం ఎప్పటిలాగే పోతూ వస్తూ ఉండేవాళ్ళం. ఇద్దరికీ లోపల తగ్గాలని ఉండేది, ముందెవరు తగ్గాలో తెలియక అలా ఉండిపోయారని నాకు ఇప్పుడు అనిపిస్తుంది.

నేను ఉలి పట్టడం నేర్చుకున్న ఏడాదే హోటల్ వాళ్ళు బ్యాండ్ తీసేశారు. వాద్యాన్ని రిక్షాలో ఇంటికి తెస్తుంటే బోల్తా పడింది. వాద్యం ఒంటికి దెబ్బ తగల్లేదు గానీ బ్రిడ్జి పిగిలిపోయి, ముక్కలు మోరీ కాలవలో పడి పోయాయి. పెద్దబాపుకి అప్పటికే వేళ్ళ కీళ్ళు వాచేవి. ఉన్న పని పోయి, ఉన్న వాద్యం మూగబోయి, మనిషి మంచం పట్టినట్టయిపోయాడని చర్చి స్త్రీల కూటంలో పెద్దమ్మ మా అమ్మతో చెప్పుకుని ఏడ్చింది. అమ్మ ఆ రోజు అన్నం వడ్డిస్తూ గోడతో చెప్పినట్టు ఆ సంగతి చెప్పింది. బాపు తినేసి, చెయ్యి కడుక్కుని వచ్చి, నాతో అన్నాడు. "గ్రేసూ, రేపు బహదూర్‌పురా పోయి కొలతలు దే. క్రిస్మస్‌కు వాయించాలె గదా ఆయన."

బ్రిడ్జి కాళ్ళు పొట్ట వంపుకి అతికినట్టు కూర్చోవాలి. ఆ వంపు తెలియాలంటే అచ్చు తియ్యాలి. గోధుమపిండి గట్టిగా కలిపి, పాత బ్రిడ్జి నిలబడిన చోట కాగితం పరిచి, దాని మీద ముద్ద నొక్కి తెమ్మన్నాడు. "తడిగుడ్డ చుట్టు. పిండి ఎండితే కుంచించుకుంటది, మల్ల నా కొలత తప్పుతది," అని రెండుసార్లు చెప్పాడు. తర్వాత అంతా అయిపోయాక నాకు మాటిమాటికీ గుర్తొచ్చింది ఈ జాగ్రత్తే. పిండి ముద్ద కుంచించుకుపోకుండా ఇంత చూసుకున్న మనిషి ఎక్కడ తప్పాడో చూడండి.

నేను వెళ్ళేసరికి పెద్దబాపు గడ్డం గీసుకోకుండా కూర్చుని ఉన్నాడు. బాపు పంపాడని చెబితే నమ్మలేదు. "తమ్మి పంపిండా? తనంత తానే చెప్పిండా?" అని మూడుసార్లు అడిగాడు. అప్పుడు లేచి, మొహం కడుక్కుని, తలపాగా గుడ్డతో ఫిడేలు మీది దుమ్మంతా తుడిచాడు. ఎత్తు కొలవడానికి ఆయనే ఒక ఉపాయం చెప్పాడు. మెడ పైకొస నుంచి, వేళ్ళు నొక్కే నల్ల పలక మీదుగా, బ్రిడ్జి ఉండే చోటు దాకా దారం బిగలాగి పట్టుకున్నాడు. పలకకీ దారానికీ మధ్య తన చిటికెన వేలు దూర్చి, "గింతనే సందు ఉండాలె. ఇంకొంచెం ఎత్తయిందంటే నా వేళ్ళకు ఇప్పుడు శక్తి లేదు బిడ్డా," అన్నాడు. ఆ దారం కింద, బ్రిడ్జి ఉండే చోట, పొట్ట మీది నుంచి నేను అమ్మ టేపుతో కొలిచాను. ఏడుంపావు అంగుళాలు. నోట్‌బుక్కులో రాసుకున్నాను. పిండి ముద్దని పళ్ళెంలో పెట్టి బస్సెక్కితే కండక్టరు మూత ఎత్తి చూసి, "ఏందమ్మా, చపాతీలు కాల్చకుండనే తీస్కపోతున్నవ్," అన్నాడు. నాకు ఆ రోజు లోకమంతా మంచిదిగా కనబడింది.

చెక్క కోసం బాపు నన్ను లాడ్ బజార్ వెనక సందులో సత్తార్ భాయ్ దగ్గరికి తీసుకెళ్ళాడు. గాజుల దుకాణాల లక్క కరిగే వాసన అక్కడి దాకా వచ్చేది. సితార్లు, హార్మోనియంలు బాగుచేసే ముసలాయన. బ్రిడ్జిని వాళ్ళు ఘోడీ అంటారు, గుర్రమని. విషయం విని, ఒక విరిగిన పియానో లోపలి పలకలోంచి ముక్క కోసి తెచ్చాడు. "ఇది విలాయతీ లకడీ దేవదానం భాయ్. నీ వయసు కంటే దీని వయసు ఎక్కువ, ఇగ ఇది ఎండేది లేదు, వంగేది లేదు," అన్నాడు. ఎవరి కోసమని అడిగాడు. బాపు కొంచెం తటపటాయించి, "మా అన్న కోసం," అన్నాడు. ఆరేళ్ళలో ఆయన నోట ఆ మాట వినడం అదే మొదటిసారి.

చెక్కని బిగించి పట్టుకునే వైస్ ఇంట్లో లేదు. అంత గట్టి చెక్కని పట్టు లేకుండా కొయ్యడం కుదరదు. అందుకని బాపు దాన్ని క్యారియర్ సంచిలో, అన్నం గిన్నె కింద పెట్టుకుని ఫ్యాక్టరీకి పట్టుకెళ్ళాడు. సొంత పని లోపల చెయ్యకూడదు, గేటు దగ్గర పట్టుకుంటే మెమో ఇస్తారు. ఇరవై ఏళ్ళ సర్వీసులో ఒక్క మేకు బయటికి తేని మనిషి అన్న కోసం పన్నెండు రోజులు ఆ చెక్కని లోపలికీ బయటికీ దొంగతనంగా మోశాడు. మధ్యాహ్నం అందరూ అన్నానికి లేచినప్పుడు తన బల్ల దగ్గరే ఉండి చేసేవాడు. నోట్‌బుక్కులో నేను రాసిన కాగితం ముందు పెట్టుకుని గీతలు గీసి, సన్న రంపంతో ఆకారం కోశాడు. నడుమ గుండె ఆకారంలో ఉండే కన్నం బర్మాతో తొలిచి, కత్తితో సరిచేశాడు. అడుగున మందం, పైకి పోయేకొద్దీ పలచన. సాయంత్రం ఇంటికి తెచ్చి దీపం ముందు అటూ ఇటూ తిప్పి చూసేవాడు. గరుకు కాగితంతో నునుపు చేసే పని నాకిచ్చాడు. కాళ్ళ దగ్గర మాత్రం ఆకురాయి వద్దని, కత్తితోనే సన్నంగా గీకాలని చూపించాడు. "వంపు మీద సుద్ద రుద్దు. కాలు పెట్టి జరుపు. తెల్లగ అంటిన కాడ గీకు. అంతటా తెల్లగయ్యేదాంక అదే పని." మా ఇంట్లో అంత సంతోషంగా ఉన్న రోజులు తక్కువ. అమ్మ కూడా దోసెడు పొట్టు దులపడానికి విసుక్కోలేదు.

నేనే తీసుకెళ్ళాను. తనే రావచ్చు కదా అంటే బాపు తల అడ్డంగా ఊపాడు. "క్రిస్మస్ నాడు ఆయన వాయించినంక నేనే పోయి పలకరిస్త. గప్పటిదాంక ఆగు," అన్నాడు. బహదూర్‌పురాలో నేలంతా గుడ్డ పరిచి, ఫిడేలుని పడుకోబెట్టి, సుద్ద రుద్ది, కాళ్ళు గీకాను. మధ్యాహ్నం దాకా పట్టింది. పెద్దబాపు ఆ బ్రిడ్జిని చేతుల్లోకి తీసుకుని అన్ని వైపులా తిప్పి చూశాడు. "ఏం చెయ్యి ఇచ్చిండు దేవుడు వీనికి," అన్నాడు. తీగలు బిగించాక ఎడమ చేతి వేళ్ళతో నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. మూడోసారి నొక్కినప్పుడు ఆయన మొహం కొంచెం మారింది. పలకకీ తీగకీ మధ్య చిటికెన వేలు దూర్చి చూస్తే ఇంకా రెండు అగ్గిపుల్లల మందం ఖాళీ మిగిలింది.

టేపు పెట్టి చూస్తే బ్రిడ్జి ఏడుంపావు దాటి ఉంది. బాపు చెయ్యి తప్పదు, కాబట్టి తప్పు నాదే, ఆయనకిచ్చిన కాగితంలో నేనే కొలత తప్పు రాసి ఉంటానని నమ్మాను. "పెద్దబాపూ, పైన కొంచెం కోసేస్త. నా దగ్గర కత్తి ఉంది, ఎంతసేపు," అన్నాను. ఆయన బ్రిడ్జి మీద చెయ్యి అడ్డం పెట్టాడు. "వద్దు. తమ్మి చేసినదాని మీద ఇంకో కత్తి పెట్టనియ్య. ఆరేండ్లకు ఒక పని చేసిచ్చిండు, దాంట్ల వంక దీసినానని ఆయన చెవుల పడొద్దు. బాపుకు జెప్పకు బిడ్డా. అలవాటైతది." నేను చెప్పనన్నాను. పెద్దబాపు మీద ప్రేమతో అన్నానని చాలా ఏళ్ళు నన్ను నేను సముదాయించుకున్నాను. అందులో సగమే నిజం. కొలత తప్పిందని తెలిస్తే బాపు నా చేతికి మళ్ళీ ఉలి ఇవ్వడని భయం మిగతా సగం.

క్రిస్మస్ నాడు అమ్మ తెల్లారకముందే లేచి బగారా అన్నం వండింది. గులాబీ పువ్వుల పిండివంట ముందు రోజే చేసి డబ్బాలో పోసింది. నాలుగు పళ్ళేలు ఎక్కువ కడిగి బోర్లించింది. బాపు కొత్త చొక్కా వేసుకుని, వెనక బెంచీలో, ఎప్పుడూ కూర్చునే ఎడమవైపు కాకుండా నడవ పక్కన కూర్చున్నాడు. పెద్దబాపు నల్ల కోటు తొడుక్కుని క్వయర్ పక్కన ఫిడేలుతో నిలబడ్డాడు. మొదటి పాట మొదలైనప్పుడు ఆ అడుగు తీగ శబ్దం బెంచీల్లోంచి మా కాళ్ళలోకి వచ్చింది. బాపు తల వంచుకున్నాడు. రెండో పాట కూడా అయింది. మూడో పాట సగంలో పెద్దబాపు కమాను ఆపేశాడు. ఫిడేలుని మెల్లగా గోడకి చేర్చి, రెండు చేతులూ కోటు జేబుల్లో పెట్టుకుని వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. పక్కన స్త్రీల బెంచీలో ఉన్న నాకు ఆయన జేబు రుమాలు కనబడింది, ఎర్రగా. వేళ్ళు చిట్లిపోయాయి. బాపు కూర్చున్న చోటికి అది కనబడదు. ఆయనకి కనబడింది గోడకి చేర్చిన ఫిడేలు ఒక్కటే.

ఆశీర్వాద ప్రార్థన కాకముందే బాపు లేచి బయటికి వెళ్ళిపోయాడు. ఇంటికొచ్చాక అమ్మ బోర్లించిన పళ్ళేలు నాలుగూ ఒక్కొక్కటిగా తీసి లోపల పెట్టింది. అన్నం తింటూ బాపు ఒకే మాట అన్నాడు. "నేను జేసినదానితోని వాయించుడు ఆయనకు మనసొప్పలే." అప్పుడు నా నోట్లో ముద్ద ఉంది. మింగి, అది కాదు బాపూ, వేళ్ళు చిట్లినయ్, బ్రిడ్జి ఎత్తయింది అని చెబితే అయిపోయేది. మాట ఇచ్చాను కదా అనుకున్నాను. రేపు చెబుదాంలే అనుకున్నాను. ముద్ద మింగి ఊరుకున్నాను. ఆ రేపు చాలాసార్లు వచ్చింది, ఈస్టర్‌కి వచ్చింది, పెద్దబాపు ఫిడేలు లేకుండా చర్చికి వచ్చిన ప్రతి ఆదివారం వచ్చింది. బాపు తిరిగి ఎడమవైపు బెంచీకి మారిపోయాడు.

వానలు మొదలైన వారంలో పెద్దబాపు టీ తాగుతూ తాగుతూ గోడకి ఒరిగిపోయాడు. గుండె ఆగిందన్నారు. ఈసారి ఎవరి కోసం ఆగాల్సిన పని లేకపోయింది, తమ్ముడు అదే ఊళ్ళో ఉన్నాడు. మట్టి చేసిన మూడో రోజు బాపు ఆరేళ్ళ తర్వాత మొదటిసారి ఆ ఇంట్లో అడుగు పెట్టాడు. పెద్దమ్మ పక్కన కూర్చోవాల్సిన మనిషి నేరుగా ఫిడేలు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. తీగ మీద వేలు పెట్టి నొక్కి చూశాడు. మేస్త్రీ చెయ్యి కదా, గట్టి చెయ్యి, ఆ చేతికే కష్టమైంది. ఇంకోసారి నొక్కాడు.

"గ్రేసూ, నువ్వు ఏ టేపుతోని కొలిసినవ్?" అని అడిగాడు.

"అమ్మ టేపు బాపూ. మిషన్ సొరుగుల ఉంటది జూడు, అది."

ఆయన అక్కడే, ఆ ఫిడేలు కాళ్ళ దగ్గరే నేల మీద కూర్చుండిపోయాడు. ఏమైందో నాకు అప్పుడు అర్థమైంది. నేను మామూలు అంగుళాల్లో రాసుకొచ్చాను. ఆయన తన బల్ల దగ్గర, చేతి అలవాటున, ఆ బల్ల మీద ఎప్పుడూ ఉండే స్కేలుతో గీతలు గీశాడు. అది చల్లారి కుంచించుకుపోయే ఉక్కు కాదు, చెక్క. ఆ రెండు అగ్గిపుల్లల ఎత్తు అలాగే ఉండిపోయింది. నా కొలత తప్పలేదు, ఆయన చెయ్యీ తప్పలేదు. స్కేలు వేరే, అంతే.

పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చెప్పింది. "చేతులకు పసుపు బెట్టుకుంట కూడ నీ మాటనే దేవదానం. తప్పు చెప్తే తమ్మి మల్ల మాట్లాడడేమో అని భయపడిండు. పెద్దమనిషి, చిన్న పిల్లగానోలె భయపడిండు." అలా చెబుతూ ఆమె నా వైపు ఒకసారి చూసింది. నాకు తెలుసని ఆమెకి తెలుసు. ఆ రోజు బ్రిడ్జి బిగించినప్పుడు ఆమె వంటగదిలోంచి అంతా విన్నది. ఆమె బయటపెట్టలేదు, నేనూ పెట్టలేదు. బాపు పోయేదాకా నేను ఆయనకి చెప్పలేదు. మంచాన పడ్డాక నెల రోజులు ఆయన కాళ్ళు పిసుకుతూ కూర్చున్నప్పుడు కూడా చెప్పలేదు. ఇదిగో, ఇక్కడ రాస్తున్నాను.

పెద్దమ్మని అడిగి బాపు ఆ బ్రిడ్జిని ఇంటికి తెచ్చుకున్నాడు. ఫిడేలుని ఆమె చర్చికి ఇచ్చేసింది. ఆ సాయంత్రం గుమ్మంలో వెలుతురు ఉండగానే బాపు అమ్మ టేపు అడిగి తీసుకుని, బ్రిడ్జి కింది నుంచి ఏడుంపావు కొలిచి, సన్నటి పెన్సిల్ గీత గీశాడు. పై అంచుకి సమంగా, అదే వంపుతో. కత్తి చేతిలోకి తీసుకున్నాడు. "కోసి ఎవరికియ్యాలె," అని కత్తి కింద పెట్టేశాడు. రిటైరైన రోజు ఆయన తన స్కేలు ఇంటికి తెచ్చుకుని దాన్నీ ఆ లుంగీ ముక్కలోనే చుట్టాడు. ఆ తర్వాత ఇంట్లో ఎవరైనా కొలత చెబితే ముందు, "ఏ టేపు?" అని అడిగేవాడు. తెలియనివాళ్ళకి అదో ముసలితనపు చాదస్తంలా ఉండేది.

ఆదివారం ఆరాధన అయ్యాక వెస్ట్రీలో షారోన్, నేను ఆ ఫిడేలుని పడుకోబెట్టి, అప్పటిలాగే సుద్ద రుద్ది బ్రిడ్జి నిలబెట్టాం. ఇంత పాతదైనా కాళ్ళు పొట్టకి అతుక్కున్నాయి, సత్తార్ భాయ్ చెప్పినట్టు చెక్క వంగలేదు. ఆ అమ్మాయి ఫోన్‌లో ఏదో పెట్టుకుని ఒక్కో తీగ శ్రుతి చేసింది. సన్నటి పిల్ల, వేళ్ళు ఇంకా సన్నం. ఎడమ చేత్తో తీగ నొక్కింది. చెయ్యి విదిలించుకుని, తల తిప్పి, కిటికీ కొంచెం మూస్తారా అని అడిగినంత తేలిగ్గా అడిగింది. "ఆంటీ, ఇది మస్తు ఎత్తుంది. నొక్కుతుంటే నొప్పి లేస్తుంది. కొంచెం తగ్గియ్యొచ్చా?"

ఈ మాట మా పెద్దబాపు నోట రాలేదు. నా నోట రాలేదు. మా ఇద్దరికీ లేని ధైర్యం ఈ పిల్లకి ఉందని కాదు, దీనికి ధైర్యం కావాలని ఆమెకి తెలియదు, అంతే. మేము పెద్దవాళ్ళ ముందు నోరు విప్పకపోవడమే మర్యాద అనుకుని పెరిగాం. ఆ మర్యాదలో చాలా ప్రేమ ఉంది, నేను కాదనను. ఇప్పటి పిల్లలకి అది లేదని మా వయసువాళ్ళు అంటుంటే నేనూ తల ఊపిన రోజులున్నాయి. ఇక మీదట ఊపను. ఆ రెండు అగ్గిపుల్లల మందం చెక్క కోసం మా ఇంట్లో ఒక మనిషి వేళ్ళు చిట్లాయి, ఇద్దరు అన్నదమ్ములు మాట్లాడుకోకుండానే పోయారు.

"తగ్గియ్యొచ్చు బిడ్డా," అన్నాను. తీగలు వదులు చేయించి, బ్రిడ్జి తీసి, కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకున్నాను. బాపు గీసిన పెన్సిల్ గీత చెరగలేదు. పెట్టెలోంచి తెచ్చుకున్న ఆయన కత్తితోనే, ఆయన నేర్పినట్టే, పై అంచు నుంచి కొంచెం కొంచెంగా గీత దాకా కోశాను. అంతకంటే ఒక్క వెంట్రుక కూడా కోయలేదు. తీగలు కూర్చునే గాడులు సన్న ఆకురాయితో తిరిగి చేసి, మళ్ళీ నిలబెట్టాం. షారోన్ తీగ నొక్కి, కమాను లాగింది. ఆ అడుగు తీగ శబ్దం వెస్ట్రీ నేలలోంచి నా కాళ్ళలోకి వచ్చింది. "ఇప్పుడు మంచిగుంది ఆంటీ," అంది, నా వైపు చూడకుండానే, వాయిస్తూ.

నేను గోడ మీది గడియారం చూశాను. బ్రిడ్జి తగ్గించే పని మొదలుపెట్టి అరగంటే అయింది.